మతవిశ్వాసం పేరిట సైన్యంలో చేరనన్న మహమ్మద్ అలీ: ఆ నిర్ణయాన్ని ఎట్లా అంచనా వేయాలి?

నల్లగొండ అధ్యాపకురాలు:

అందరికీ నమస్కారం. మా డిగ్రీ కళాశాలలో జరగబోయే చర్చాపోటీకి, 1967లో హెవీవెయిట్ బాక్సింగ్ ప్రపంచ విజేత మహమ్మద్ అలీ అమెరికా సైన్యంలో చేరడానికి నిరాకరించడం సమంజసమా కాదా అన్న అంశాన్ని ఇచ్చాము. పిల్లలు రాసి తెచ్చిన ప్రసంగాలు చదివిన తర్వాత నాకు ఒక చిక్కు ఎదురైంది. వియత్నాం యుద్ధం తప్పని తర్వాత లోకం గ్రహించింది, 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన శిక్షను రద్దు చేసింది, 1974లో కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌ను ఓడించి మళ్ళీ ప్రపంచ విజేత అయ్యాడు, కాబట్టి ఆయన చేసింది న్యాయమే అని దాదాపు అందరూ రాశారు. ఆ తర్వాత జరిగినవాటిని సాక్ష్యంగా తెచ్చి, అవేవీ తెలియని రోజున తీసుకున్న నిర్ణయాన్ని సమర్థించడం నా మనసుకు ఎక్కడం లేదు. కోర్టులో ఓడిపోయి ఐదేళ్ళు జైల్లో ఉండి వచ్చి ఉంటే, అదే నిర్ణయం తప్పయ్యేదా?

ఇంకో సందేహం కూడా ఉంది. తాను నల్లజాతి ముస్లింల సంస్థ నేషన్ ఆఫ్ ఇస్లాం బోధకుణ్ణనీ, తన మతం ఈ యుద్ధాన్ని ఒప్పుకోదనీ ఆయన మినహాయింపు కోరాడు. కానీ వియత్నాంలో అమెరికాతో పోరాడుతున్న గెరిల్లాలైన వియత్ కాంగ్‌తో తనకు ఏ వైరమూ లేదనీ, సొంత ఊరు లూయీవిల్‌లోనే నల్లవారికి మనుషులుగా విలువ లేదనీ కూడా అన్నాడు. అల్లా ఆజ్ఞ ఉన్న యుద్ధమైతే వేరు అన్నాడు. ఇందులో మతమెంత, రాజకీయమెంత అని విద్యార్థి అడిగితే నేనేం చెప్పాలి?

సూర్యాపేట సుబేదార్ (విశ్రాంత):

అమ్మా, మీరు అడిగిన తీరు నచ్చింది కనుక నా అభిప్రాయం దాచకుండా రాస్తున్నాను. నేను ఫౌజులో పనిచేసి వచ్చినవాణ్ణి. మా దగ్గర తెల్లవారకముందే కళాశాల మైదానానికి వచ్చి, భర్తీ ర్యాలీలో పదహారు వందల మీటర్ల పరుగు గట్టెక్కాలని, చెప్పులు గట్టు మీద విడిచి వట్టికాళ్ళతో చుట్లు తిరిగే పిల్లలను రోజూ చూస్తాను. గల్వాన్‌లో 2020 జూన్‌లో ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్ బాబు మా సూర్యాపేట బిడ్డ. మన దగ్గర ఎవరినీ బలవంతంగా తీసుకుపోరు కాబట్టి, నిరాకరణ అనే ప్రశ్న మనకు ఎదురుపడదు. అమెరికాలో అప్పుడు నిర్బంధ భర్తీ ఉండేది. ఏ నెలకు ఎంతమందిని పంపాలో స్థానిక బోర్డులకు లెక్క ఉండేది. ఒకడు రానంటే ఆ లెక్క తగ్గదు, ఇంకొకడు పోవాలి. కాలేజీ చదువు పేరుతో కలిగినవాళ్ళ పిల్లలు వాయిదాలు పొందుతుంటే, ఆ ఇంకొకడు ఎక్కువగా ఏ ఇంటివాడై ఉంటాడో ఆలోచించండి.

జో లూయిస్ కూడా నల్లజాతి హెవీవెయిట్ విజేతే. 1942 జనవరిలో తన పోటీ సొమ్మును నౌకాదళ సహాయనిధికి ఇచ్చి, సైన్యంలో చేరి, సైనికుల ఎదుట ప్రదర్శన పోటీలు ఆడాడు. ఆయన కాలంలో నల్లవారికి అవమానాలు తక్కువేమీ కాదు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. అలీ దేశం విడిచి పారిపోలేదు, దొంగ రోగం చెప్పలేదు. పిలిచిన చోటికి పోయి, నిలబడి, రానని చెప్పాడు. అందుకు ఆయనను గౌరవిస్తాను, కానీ నిర్ణయాన్ని మాత్రం సమర్థించలేను.

పాలమూరు న్యాయవాది:

సుబేదార్ సాబ్ చెప్పిన ఆ నిలబడటం గురించే మొదట రాస్తాను. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లోని భర్తీ కేంద్రంలో, పేరు పిలవగానే ప్రతి యువకుడూ ఒక అడుగు ముందుకు వేయాలి. ఆ అడుగుతోనే అతడు సైనికుడైనట్టు లెక్క. కాసియస్ క్లే అన్న పాత పేరుతో పిలిచినా అలీ కదలలేదు. ఒక అధికారి ఆయనను పక్కగదికి తీసుకుపోయి, ఇది నేరమనీ ఐదేళ్ళ జైలూ పదివేల డాలర్ల జరిమానా పడవచ్చనీ వివరించి, తిరిగి తీసుకొచ్చి మళ్ళీ పిలిపించాడు. అప్పుడూ కదలలేదు. నిరాకరిస్తున్నట్టు రాసి సంతకం పెట్టాడు. అదే రోజు న్యూయార్క్ క్రీడాసంఘం ఆయన లైసెన్సు నిలిపివేసింది; జూన్ 20న జ్యూరీ ఇరవై ఒక్క నిమిషాల్లో దోషి అని తేల్చింది; జడ్జి గరిష్ఠ శిక్షే వేశాడు. ఏం పోగొట్టుకుంటాడో ముందే చెప్పించుకుని మరీ చేసిన పని ఇది. నిజాయితీకి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నా వృత్తిలో అరుదుగా చూశాను.

ఇక సుప్రీంకోర్టు తీర్పును మన పిల్లలు చదువుతున్న తీరు సరైనది కాదు. మినహాయింపుకు మూడు షరతులు ఉండేవి: అన్ని రకాల యుద్ధాన్నీ వ్యతిరేకించాలి, ఆ వ్యతిరేకత మతశిక్షణ నుంచి, మతవిశ్వాసం నుంచి రావాలి, అది నిజాయితీగా ఉండాలి. అలీ మాట నిజాయితీ గలదేనని విచారణ జరిపిన విశ్రాంత న్యాయమూర్తి 1966లోనే సిఫారసు చేశాడు. న్యాయశాఖ మాత్రం మూడింటిలోనూ ఆయన తప్పాడని, సైన్యంలోకి పిలుపు దగ్గరపడ్డాకే ఈ వాదన ఎత్తుకున్నాడని, అప్పీలు బోర్డుకు రాసింది. బోర్డు కారణమేదీ చెప్పకుండా దరఖాస్తును తోసిపుచ్చింది. కేసు సుప్రీంకోర్టుకు వచ్చేసరికి, విశ్వాసం మతపరమైనదేననీ నిజాయితీ ఉందనీ ప్రభుత్వమే ఒప్పుకుంది. అలాంటప్పుడు బోర్డు ఏ కారణంతో నిరాకరించిందో తెలియదు కనుక, అది చెల్లని కారణం అయి ఉండవచ్చు కనుక, శిక్ష నిలవదని 1971 జూన్ 28న ఎనిమిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. యుద్ధం తప్పని కోర్టు చెప్పలేదు. ఆయన అన్ని యుద్ధాలనూ వ్యతిరేకిస్తాడా లేదా అన్నది కూడా తేల్చలేదు. అదే ఏడాది మార్చి 8న, అంటే అలీ బాక్సర్ జో ఫ్రేజియర్ చేతిలో ఓడిపోయిన రోజునే, ఒక ఫలానా యుద్ధాన్ని మాత్రమే అన్యాయమని వ్యతిరేకించేవారికి మినహాయింపు లేదని ఇదే కోర్టు ఇంకో కేసులో చెప్పింది.

మన రాజ్యాంగాన్ని కూడా ఒకసారి చూడండి. 23వ అధికరణం వెట్టిని నిషేధిస్తుంది. వెట్టి అంటే ఏమిటో మన నల్లగొండ, పాలమూరు వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ అదే అధికరణం రెండో భాగం, ప్రజాప్రయోజనం కోసం రాజ్యం నిర్బంధ సేవను విధించవచ్చు అంటుంది. మతం, జాతి, కులం, వర్గం కారణంగా మాత్రం వివక్ష చూపరాదు. 25వ అధికరణం అంతఃకరణ స్వేచ్ఛను ఇస్తుంది. ఈ రెండూ ఎదురెదురు నిలిస్తే ఏం చేయాలో ఆలోచించడానికి కేరళ కేసు దారి చూపుతుంది: 1985లో జాతీయగీతం పాడలేదని, లేచి గౌరవంగా నిలబడినప్పటికీ, యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖను నమ్మే కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఆ విశ్వాసం మనకు వింతగా తోచిందా అన్నది ప్రశ్న కాదు, వారు దాన్ని నిజంగా నమ్ముతున్నారా అన్నదే ప్రశ్న. అలీ విషయంలోనూ నేను అక్కడే నిలబడతాను.

మిర్యాలగూడ బాక్సింగ్ శిక్షకుడు:

పోగొట్టుకున్నది లైసెన్సు ఒక్కటే అని పిల్లలు అనుకోకూడదు. 1967 మార్చిలో జోరా ఫాలీతో ఆడిన తర్వాత 1970 అక్టోబరులో అట్లాంటాలో జెర్రీ క్వారీతో ఆడేదాకా ఆయన అసలు పోటీలో దిగలేదు. అంటే ఇరవై ఐదు నుంచి ఇరవై ఎనిమిది దాకా, బాక్సర్ కాళ్ళకు అంతకన్నా మంచి వయసు ఉండదు. అప్పటిదాకా చేతులు కిందికి దించి, దెబ్బ అందకుండా వెనక్కి జరిగిపోయేవాడు. తిరిగి వచ్చాక తాళ్ళకు ఆనుకుని దెబ్బలు ఓర్చుకునే ఆట ఎక్కువైంది. ఫ్రేజియర్‌తో పదిహేనో రౌండులో ఎడమచేతి హుక్ దవడకు తగిలి కిందపడ్డ దృశ్యం చూస్తే, పాత కాళ్ళు ఉంటే ఆ దెబ్బ తగిలేదా అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. ఆ ఏళ్ళను ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు.

నల్లగొండ అధ్యాపకురాలు:

అందరికీ కృతజ్ఞతలు. మతమా రాజకీయమా అన్న నా సందేహానికి కాలక్రమమే చాలావరకు సమాధానం ఇస్తుందని ఇప్పుడు అనిపిస్తున్నది. నేషన్ ఆఫ్ ఇస్లాం నాయకుడు ఎలైజా మహమ్మద్ రెండో ప్రపంచయుద్ధంలోనే భర్తీకి ఎదురుతిరిగి జైలుకు పోయాడు. హిట్లర్‌తో జరిగిన యుద్ధానికి కూడా రానన్న బోధ వియత్నాం కోసం పుట్టించింది కాజాలదు. అలీ 1964లో అప్పటి ప్రపంచ విజేత సోనీ లిస్టన్‌ను ఓడించిన వెంటనే ఆ విశ్వాసాన్ని లోకానికి చెప్పాడు; అప్పట్లో ఆయన రాతపరీక్షలో తప్పినందువల్ల సైన్యం వద్దనుకుంది. ప్రమాణాలు తగ్గించి ఆయనను అర్హుడిగా చేసింది 1966 ఫిబ్రవరిలో. విశ్వాసం ముందు, పిలుపు తర్వాత. ఇక ఆ విశ్వాసంలోనే తెల్లవారి ఆధిపత్యంపై ఆగ్రహం కలిసి ఉన్నప్పుడు, ఇది మతం ఇది రాజకీయం అని విడదీయమని ఆయనను అడగడం న్యాయం కాదు. అయితే సుబేదార్ గారు అడిగిన ప్రశ్నకు, ఆయన బదులు పోయినవాడి ప్రశ్నకు, నా దగ్గర జవాబు లేదు.

సూర్యాపేట సుబేదార్ (విశ్రాంత):

జవాబు లేదని ఒప్పుకున్నారు, అది చాలు అమ్మా. అలీ నిజాయితీ మీద నాకు ఇక అనుమానం లేదు. అయితే వ్యతిరేక పక్షాన మాట్లాడే పిల్లలకు జాకీ రాబిన్సన్ గురించి తప్పక చెప్పండి. బేస్‌బాల్‌లో వర్ణవివక్షను బద్దలుకొట్టిన ఆ మనిషి 1944లో సైన్యంలో లెఫ్టినెంటుగా ఉండగా, బస్సులో వెనక్కి పొమ్మంటే పోననందుకు సైనిక విచారణను ఎదుర్కొని నిర్దోషిగా బయటపడ్డాడు. ఆయన కొడుకు వియత్నాంలో గాయపడ్డాడు. అలీ నిర్ణయం అక్కడ పోరాడుతున్న నల్లజాతి సైనికుల మనసును కుంగదీస్తుందని 1967లో ఆయన బాహాటంగానే బాధపడ్డాడు. వివక్ష తెలియనివాడు అన్న మాట అది కాదు. అలీకి ఎదురు నిలిచినవాళ్ళంతా జాత్యహంకారులేనని రాసిన ప్రసంగం ఏదైనా ఉంటే, దాన్ని తిరిగి రాయించండి.