అప్‌డేట్ తర్వాత వైఫై తెగిపోతోంది: అప్‌డేట్ తీసేయాలా, ఉంచుకుని బాగు చేసుకోవాలా?

కావలి నుంచి ఇంటిపని:
విండోస్ 11 ల్యాప్‌టాప్. మొన్న అప్‌డేట్ పడి రీస్టార్ట్ అయిన దగ్గర్నుంచి వైఫై నిలకడగా ఉండటం లేదు. మీటింగ్‌లో మాట్లాడుతుంటే ఉన్నట్టుండి గొంతు ఆగిపోతుంది, కింద మూల వైఫై గుర్తు పోయి గ్లోబు బొమ్మ వస్తుంది, కాసేపటికి దానంతట అదే కలుస్తుంది. రూటర్ హాల్లో, నేను వెనక గదిలో. అదే గదిలో ఫోన్ శుభ్రంగా నడుస్తోంది. మా తమ్ముడేమో అప్‌డేట్ పీకేయమంటాడు, టీమ్ లీడ్ తీస్తే ఒప్పుకోనంటాడు. నాకు టెన్షన్ ఎక్కువైపోతోంది. ఎవరి మాట వినాలి?

ట్రంక్ రోడ్ రిపేర్లు, నెల్లూరు:
తమ్ముడి మాటే వినమ్మా. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అప్‌డేట్ హిస్టరీ, అట్టడుగున అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. పడింది పెద్ద వెర్షన్ మార్పు అయితే రికవరీలో గో బ్యాక్ ఉంటుంది. మామూలుగా 10 రోజులే గడువు, ఆ తర్వాత ఆ బటన్ పనిచేయదు, కాబట్టి ఆలోచిస్తూ కూర్చోవద్దు. తీసేశాక మళ్లీ పడకుండా అప్‌డేట్లకి 5 వారాలు పాజ్ పెట్టుకో. షాపుకొచ్చిన కస్టమర్‌కి సాయంత్రానికి మిషన్ నడవాలి. పాఠం చెప్తానంటే వినడు.

ఒంగోలు ల్యాబ్ సార్:
అన్నా, చెప్పులో రాయి పడిందని చెప్పు పారేస్తామా? అప్‌డేట్ అంటే ఒక్క వస్తువు కాదు. సెక్యూరిటీ ప్యాచ్‌లు ఒకటి, వైఫై కార్డు డ్రైవర్, అంటే ఆ కార్డుని విండోస్ నడపడానికి వాడే ప్రోగ్రాం, ఇంకొకటి. చాలాసార్లు రెండూ ఒకే రీస్టార్ట్‌లో పడతాయి కాబట్టి జనం రెండింటినీ కలిపి తిడతారు. 2024 జూన్‌లో మైక్రోసాఫ్ట్ మూసిన సెక్యూరిటీ రంధ్రాల్లో ఒకటి విండోస్ వైఫై డ్రైవర్‌లోనే ఉండింది. వైఫై అందే దూరంలో ఉన్నవాడు, మనం ఏదీ నొక్కకపోయినా, ప్యాకెట్ పంపి మన మిషన్‌లో తన కోడ్ నడిపించే వీలుండేది. అలాంటి ప్యాచ్‌ని వైఫై కోసమే పీకేయమంటే ఎట్లా?

అమ్మా, ముందు ఏది తెంపుతోందో చూడండి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్‌ష్, వ్లాన్, షో, వ్లాన్‌రిపోర్ట్ అని నాలుగు మాటలు మధ్యలో ఖాళీ వదిలి కొట్టండి (నెట్‌ష్ అంటే ఎన్, ఈ, టీ, ఎస్, హెచ్; వ్లాన్ అంటే డబ్ల్యూ, ఎల్, ఏ, ఎన్). ఒక రిపోర్ట్ తయారై, అది ఎక్కడుందో కిందే చూపిస్తుంది. బ్రౌజర్‌లో తెరిస్తే గత 3 రోజుల్లో వైఫై ఎప్పుడు కలిసింది, ఎప్పుడు పోయింది, ఏ కారణంతో పోయింది, అన్నీ ఉంటాయి. తప్పు జరిగిన చోట ఎర్ర గుర్తు. అది చూడకుండా మందు రాయడం మా స్టూడెంట్లు చేస్తే నేను మార్కులివ్వను.

ట్రంక్ రోడ్ రిపేర్లు, నెల్లూరు:
సార్, మీ ల్యాబ్‌లో మిషన్ వారం పడుకున్నా అడిగేవాడు లేడు. ఆమెకి రేపు పొద్దున మీటింగ్.

మాగుంట లేఅవుట్ మూడో అంతస్తు:
గోల అప్‌డేట్‌ది కాకపోవచ్చు కూడా. మా అపార్ట్‌మెంట్‌లో వైఫై లిస్ట్ తెరిస్తే ఊరందరి పేర్లూ కనపడతాయి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఉండేవి 1, 6, 11 ఛానళ్లే, అందరూ వాటి మీదే పడతారు. రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టి దానికే కలపండి. కాకపోతే అది గోడలు దాటడంలో బలహీనం, వెనక గదికి ఎంత అందుతుందో చూసుకోవాలి.

ఒంగోలు ల్యాబ్ సార్:
ఈ మాటలో విషయం ఉంది. రెండు బ్యాండ్లకీ ఒకే పేరుంటే ల్యాప్‌టాప్ అటూ ఇటూ దూకుతుంది. కొత్త డ్రైవర్ పడినప్పుడు ఒక్కోసారి డివైజ్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ (అంటే ఆ కార్డే) అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో మనం పెట్టుకున్నవి మొదటికొస్తాయి. ప్రిఫర్డ్ బ్యాండ్ (ఏ బ్యాండ్‌కి ముందు కలవాలి), రోమింగ్ అగ్రెసివ్‌నెస్ (ఇంకో సిగ్నల్‌కి ఎంత తొందరగా దూకాలి) అని ఉంటాయి (అన్ని కార్డులకీ ఉండవు), అవి ఒకసారి చూడండి. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు అన్న టిక్ తీసేయండి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఆ ట్యాబే కనిపించదు, కంగారు పడకండి.

కందుకూరు ఉబుంటు:
విండోస్ బదులు ఉబుంటు లినక్స్ వాడే మా వైపూ ఇదే బాధ. కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ, డ్రైవర్లు చాలావరకు దాంతోనే వస్తాయి) అప్‌డేట్ అయ్యాక వైఫై ఊగితే బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుని చూస్తాం. అందులో బాగుంటే దొంగ దొరికినట్టే. నెట్‌వర్క్‌మేనేజర్ సెట్టింగ్‌లో వైఫై పవర్‌సేవ్ 3 ఉన్నదాన్ని 2 చేస్తే కరెంటు ఆదా ఆగిపోతుంది, సగం కేసులు అక్కడే తీరతాయని నా లెక్క. పాతదీ కొత్తదీ రెండూ ఉంచుకునే వీలు మాకుంది కాబట్టి ఈ కొట్లాటే లేదు.

ట్రంక్ రోడ్ రిపేర్లు, నెల్లూరు:
ఉబుంటు ఎక్కించమని ఈమెకి చెప్పకు నాయనా, ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఎవరు నడుపుతారు?

కావలి నుంచి ఇంటిపని:
రిపోర్ట్ తీశాను సార్. ఎర్ర గుర్తుల దగ్గరంతా ఒకటే కారణం: నెట్‌వర్క్‌ను డ్రైవర్ తెంపింది అని. రూటర్ మాటే లేదు. డివైజ్ మేనేజర్‌లో డ్రైవర్ తేదీ కూడా అప్‌డేట్ తర్వాత మారింది. కానీ రోల్ బ్యాక్ డ్రైవర్ బటన్ బూడిద రంగులో ఉంది, నొక్కుడు పడటం లేదు.

ఒంగోలు ల్యాబ్ సార్:
వెనక్కి పోవడానికి పాత డ్రైవర్ మిగల్లేదన్నమాట. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ నంబర్ కొట్టి, వైర్‌లెస్ డ్రైవర్లలో ఇంతకుముందు వెర్షన్ దించుకోండి. దించడం ముందే చేయండి, డ్రైవర్ తీసేశాక వైఫై ఉండదు కదా. లేకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెట్టుకోండి, ఫోన్ నెట్ ల్యాప్‌టాప్‌కి వస్తుంది. తర్వాత డివైజ్ మేనేజర్‌లో అన్‌ఇన్‌స్టాల్ డివైజ్, డ్రైవర్‌ను కూడా తొలగించమనే గడిలో టిక్, రీస్టార్ట్, పాతది ఎక్కించడం. సెక్యూరిటీ ప్యాచ్ జోలికి పోలేదు కాబట్టి మీ టీమ్ లీడ్‌కీ అభ్యంతరం ఉండదు.

ట్రంక్ రోడ్ రిపేర్లు, నెల్లూరు:
బాగానే ఉంది. ఆ కొత్త డ్రైవర్‌ని విండోస్ మళ్లీ తెచ్చి రుద్దితే? అప్‌డేట్లతో డ్రైవర్లు వద్దని చెప్పే గ్రూప్ పాలసీ అనే సెట్టింగ్ విండోస్ ప్రో ఎడిషన్‌లో ఉంటుంది, హోమ్‌లో ఆ ఎడిటరే రాదు. షాపుకొచ్చేవి ఎక్కువ హోమ్‌లే. చివరికి పాజ్ దగ్గరికే రావాలి, నేను మొదట చెప్పిందీ అదే.

ఒంగోలు ల్యాబ్ సార్:
పాజ్‌కి నేను వద్దనలేదన్నా, పడిన ప్యాచ్ పీకొద్దన్నాను. పాజ్ పెట్టినా గడువు తీరాక పెండింగ్ అప్‌డేట్లు ఎక్కించాకే మళ్లీ పాజ్ ఇస్తుంది. ఈలోపు కార్డు తయారీదారు సరిచేసిన డ్రైవర్ ఇస్తాడేమో చూడాలి. ఇవ్వకపోతే చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనడం మేలు.

కావలి నుంచి ఇంటిపని:
పాత డ్రైవర్ ఎక్కింది. పొద్దున మీటింగ్ మొత్తం ఎక్కడా తెగలేదు. నాది హోమ్ ఎడిషనే, ప్రస్తుతానికి 2 వారాలు పాజ్ పెట్టాను.

ట్రంక్ రోడ్ రిపేర్లు, నెల్లూరు:
ఆ పాత డ్రైవర్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టుకో. పాజ్ తీరాక పనికొస్తుంది.