ఎలిప్టికల్ గెలాక్సీలో కుర్ర నక్షత్రాలు: నిజంగా ఉన్నాయా, ఫిట్టింగ్ మాయా?

చుక్కలపిచ్చి (బెంగళూరు):
ఎస్‌డీఎస్‌ఎస్ (ఆకాశ సర్వే) స్పెక్ట్రమ్, పది వేల కోట్ల సూర్యులంత బరువున్న ఎలిప్టికల్ (గుడ్డు ఆకారపు గెలాక్సీ). పీపీఎక్స్‌ఎఫ్‌లో (వేర్వేరు వయసుల నక్షత్రాల నమూనాలు కలిపి స్పెక్ట్రమ్‌కి సరిపోల్చే ప్రోగ్రామ్) ఎక్కువ నక్షత్రాలు 1000 కోట్ల ఏళ్ల నాటివని వచ్చింది, సరే. కానీ 30 కోట్ల ఏళ్ల దగ్గర 1 శాతం బుడిపె ఒకటి ఉంది. నమ్మొచ్చాండీ?

నీలిగీత:
రెగ్యులరైజేషన్ (వయసుల పంపిణీని నునుపు చేసే సెట్టింగ్) ఎంత పెట్టారు? సున్నా అయితే చరిత్రంతా ముళ్లముళ్లుగానే వస్తుంది, వాటికి అర్థాలు వెతక్కండి. ముందు అది లేకుండా ఫిట్ చేసి, రెడ్యూస్డ్ కై-స్క్వేర్ (ఫిట్‌కీ డేటాకీ తేడా ఎంతో చెప్పే కొలత) 1 అయ్యేలా నాయిస్‌ని సరిచేయండి. తర్వాత మొత్తం కై-స్క్వేర్ √(2ఎన్) మేర (ఎన్ అంటే పిక్సెళ్ల సంఖ్య) పెరిగేదాకా రెగ్యులరైజేషన్ పెంచుకుంటూ పోండి. 4000 పిక్సెళ్లయితే ఆ పెరుగుదల సుమారు 89. అడిటివ్ పాలినామియల్ (ఫిట్‌కి కూడే నునుపు వక్రం) తీసేయండి, అది గీతల లోతునే మార్చేస్తుంది. మల్టిప్లికేటివ్ (గుణించేది) చాలు. హెచ్-బీటాలో (హైడ్రోజన్ గీత) వాయువు ఎమిషన్ పూడికనీ విడిగా ఫిట్ చేయాలి, లేకపోతే వయసు లేనిపోని ముసలితనానికి పోతుంది.

హొసకోటె బస్సు:
బుడిపె అప్పటికీ ఉంటే అతినీలలోహితంలో చూడండి. గేలెక్స్ (అతినీలలోహిత టెలిస్కోప్) ఎన్‌యూవీ మైనస్ ఆర్ (దగ్గరి అతినీలలోహిత, ఎరుపు బ్యాండ్ల మాగ్నిట్యూడ్ తేడా) 5.5 కంటే తక్కువుంటే కొత్త నక్షత్రాలున్నట్టే అనుకోవచ్చు. రెండు బ్యాండ్లకీ ఒకే అపెర్చర్ (వెలుగు కొలిచే వృత్తం) వాడండి, ఎస్‌డీఎస్‌ఎస్ ఫైబర్ చూసేది మధ్యలో 3 ఆర్క్‌సెకండ్లే. మన హొసకోటెలో (బెంగళూరు పక్కనే) కూర్చిన యూవీఐటీ (ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని అతినీలలోహిత టెలిస్కోప్) ఇంకా స్పష్టంగా చూపిస్తుంది గానీ, దాని ఎన్‌యూవీ ఛానెల్ 2018లోనే ఆగిపోయింది. ఎఫ్‌యూవీ (దూర అతినీలలోహితం) ఒక్కదాన్నీ నమ్ముకుంటే ముసలి హారిజాంటల్ బ్రాంచ్ (హీలియం మండించే దశ) నక్షత్రాల వేడి వెలుగు మోసం చేస్తుంది.

మెగ్నీషియం మామ:
బుడిపె సంగతి సరే, ఆ 1000 కోట్ల మీద ధీమా కూడా వద్దు. 800 కోట్లకీ 1100 కోట్లకీ స్పెక్ట్రమ్‌లో తేడా అంతంతే. పైగా వయసు మూడు రెట్లు పెరిగినా, లోహాలు (హీలియం కంటే బరువైన మూలకాలు) రెండు రెట్లు పెరిగినా రంగూ గీతలూ దాదాపు ఒకేలా మారతాయి. నక్షత్రాలు పుట్టడం ఎంతకాలం సాగిందో మెగ్నీషియం, ఇనుముల నిష్పత్తి చెబుతుంది. పెద్ద నక్షత్రాలు పేలి మెగ్నీషియం చల్లడానికి నాలుగైదు కోట్ల ఏళ్లు చాలు. టైప్ 1ఏ సూపర్నోవాల (తెల్ల మరుగుజ్జుల పేలుళ్ల) ఇనుములో చాలాభాగం ఆలస్యంగా చేరుతుంది. నిష్పత్తి సూర్యుడితో పోలిస్తే లాగరిథమ్‌లో 0.3 దాకా ఉంటే, ఇనుము చేరకముందే, అంటే 100 కోట్ల ఏళ్లలోపే, పని ముగిసినట్టు. సౌర నిష్పత్తి టెంప్లేట్లతో (నమూనా స్పెక్ట్రాలతో) ఫిట్ చేస్తే మాత్రం ఎంజీబీ (మెగ్నీషియం గీత) దగ్గర మిగులు (ఫిట్‌కి అందని తేడా) తప్పదు.

చుక్కలపిచ్చి:
అన్నీ మార్చాను. బుడిపె 0.4 శాతానికి దిగింది. ఎన్‌యూవీ మైనస్ ఆర్ 5.9.

హొసకోటె బస్సు:
5.9 అంటే ముసలి నక్షత్రాలతోనే సరిపోతుంది. 0.4 శాతాన్ని గరిష్ఠ పరిమితిగా రాయండి, బర్స్ట్ (నక్షత్రాల పుట్టుక ఉప్పెన) అని రాయకండి.