“ఫీవర్ సిన్స్ త్రీ డేస్” తప్పా? పదకొండేళ్లుగా అదే రాస్తున్నాను

ప్రశ్న (స్టాఫ్ నర్సు, విజయవాడ):

ఇంగ్లండ్ వెళ్లాలని ఓఈటీకి, అంటే వైద్య సిబ్బందికి పెట్టే ఇంగ్లిషు పరీక్షకు, చదువుతున్నాను. అందులో రాత భాగానికి 45 నిమిషాలు. మొదటి 5 నిమిషాలు రోగి వివరాలు చదువుకోవడానికే, రాయకూడదు. మిగిలిన 40 నిమిషాల్లో ఆ రోగిని మరొకరికి అప్పగిస్తూ 180 నుంచి 200 మాటల్లో ఉత్తరం రాయాలి. నిన్న నేను రాసిన ఉత్తరం కోచింగ్‌లో దిద్ది ఇచ్చారు. ఏడు చోట్ల ఎర్ర గీతలు, అందులో నాలుగు సిన్స్ అనే మాట కిందే.

“ఫీవర్ సిన్స్ త్రీ డేస్”, “డయాబెటిక్ సిన్స్ టెన్ ఇయర్స్” అని రాశాను. సిన్స్ కొట్టేసి పైన ఫర్ అని రాశారు, కారణం చెప్పలేదు. మా వార్డులో ఏ కేస్ షీట్ తెరిచినా మొదటి వరుసలో ఇదే కనిపిస్తుంది. పెద్ద డాక్టర్లూ రౌండ్లలో ఇదే అంటారు. రోగి “మూడు రోజుల నుంచి జ్వరమమ్మా” అనగానే నా చెయ్యి సిన్స్ వైపు వెళ్లిపోతుంది. పుస్తకంలో నియమం చదివాను: ఫలానా సమయం చెబితే సిన్స్, ఎంత కాలమో చెబితే ఫర్. చదివితే అర్థమవుతుంది, రాసేటప్పుడు గుర్తుకు రాదు. పరీక్ష ఐదు వారాల్లో ఉంది. తెలుగులో ఆలోచించేవాళ్లకు పట్టుబడే దారి ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు (విశ్రాంత ఇంగ్లిషు ఉపాధ్యాయుడు, ఖమ్మం):

అమ్మా, దారి మీ శీర్షికలోనే ఉంది. “పదకొండేళ్లుగా” అని రాశారు, చూశారా? ఆ “గా” పట్టుకోండి.

తెలుగులో “నుంచి” రెండు పనులూ చేస్తుంది. “సోమవారం నుంచి జ్వరం” అంటాం, “మూడు రోజుల నుంచి జ్వరం” అనీ అంటాం. ఇంగ్లిషు ఈ రెండింటికీ వేరు మాటలు పెట్టుకుంది. మీ చెయ్యి చేస్తున్నది తెలివితక్కువ పని కాదు, అమ్మభాష నేర్పిన పనే. అయితే అదే అమ్మభాషలో “గా” కూడా ఉంది, అది కాలం పొడవుకు మాత్రమే అతుకుతుంది. “మూడు రోజులుగా జ్వరం” అనగలం. “సోమవారంగా జ్వరం” అనలేం.

కాబట్టి “నుంచి” తీసేసి “గా” పెట్టి చూడండి. చెవికి సరిపోతే ఫర్, సరిపోకపోతే సిన్స్. పదేళ్లుగా: ఫర్. చాలా కాలంగా: ఫర్. 2015గా అనలేం: సిన్స్. ఉదయంగా, నిన్నగా, చిన్నప్పుడుగా, ఏవీ కుదరవు: అన్నీ సిన్స్. “వారంగా” అంటే కొందరికి ఎబ్బెట్టుగా ఉంటుంది, అప్పుడు “వారం రోజులుగా” అనుకోండి. రేపటి నుంచి, వచ్చే నెల నుంచి అని ముందుకు చూసే మాటలను ఈ “గా” పరీక్షకు పెట్టకండి. వాటికి ఫ్రమ్ వాడాలి.

ముప్పై ఏళ్లకు పైగా తరగతి గదుల్లో ఈ ఒక్క తప్పు దిద్దాను. సూత్రం పలకమంటే పిల్లలు గుక్కతిప్పుకోకుండా చెప్పేవారు, కాపీలో మళ్లీ తప్పే. “గా” చెప్పడం మొదలుపెట్టిన తరువాతే తగ్గింది.

జవాబు (వార్డు నర్సు, ఇంగ్లండ్):

సిస్టర్, మాస్టారు చెప్పింది ప్రాణం లాంటి మాట. కానీ ఫర్ పెట్టాక క్రియ దగ్గర మరో గొయ్యి ఉంది, నేను అందులో పడ్డాను.

ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక రాత్రి షిఫ్టు అప్పగిస్తూ “షి హాడ్ ఫీవర్ ఫర్ టూ డేస్” అన్నాను. రెండు రోజులుగా ఉంది, ఇంకా ఉంది అని నా ఉద్దేశం. వింటున్న సహోద్యోగికి మాత్రం రెండు రోజులు ఉండి తగ్గిపోయింది అని అర్థమైంది. చార్టులో 38.6 డిగ్రీల సెల్సియస్ జ్వరం కనిపించగానే నా వైపు తిరిగి, తగ్గిందన్నావు కదా అని అడిగింది. ఆ ప్రశ్న ఈ రోజుకీ మరిచిపోలేదు. చార్టు ఉంది కనుక రోగికి ఏమీ కాలేదు.

ఇంకా ఉన్న జబ్బుకు “హాజ్ హాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్” అనాలి. ఒకే క్రియ రెండుసార్లు పక్కపక్కన పెట్టినట్టు అనిపిస్తుంది, భయపడకండి. మొదటిది సహాయక క్రియ, రెండోదే అసలు మాట. మందులకూ అంతే, షుగర్ మందు మెట్‌ఫార్మిన్ అనుకోండి: “హాజ్ బీన్ టేకింగ్ మెట్‌ఫార్మిన్ సిన్స్ 2015”. “ఈజ్ టేకింగ్ సిన్స్” అని మాత్రం రాయకండి.

జవాబు (జనరల్ ఫిజీషియన్, కర్నూలు):

ఆ కేస్ షీట్లు రాసేవాళ్లలో నేనూ ఒకడిని. ఒక మాట వారి తరఫున చెప్పాలి. “సిన్స్ త్రీ డేస్” దేశమంతటా నడుస్తున్న వార్డు భాష. హిందీలోనూ “తీన్ దిన్ సే” అంటూ ఒకే “సే”తో రెండూ చెబుతారు. ఇక్కడ దానివల్ల ఎవరూ పొరబడరు. రేపు డ్యూటీలో ఎవరినీ దిద్దబోకండి, మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోనూ వద్దు. పరీక్షలో, అక్కడి వార్డులో మాత్రం వారి పద్ధతి పాటించండి.

అడిగినవారు:

మాస్టారూ, సిస్టర్, డాక్టరుగారూ, అందరికీ నమస్కారాలు. రాత్రి డ్యూటీ విరామంలో పాత ఉత్తరం ముందేసుకుని నాలుగు వాక్యాలూ “గా”తో తిరగరాశాను. మూడు వెంటనే కుదిరాయి. నాలుగోది కుదరడం లేదు: “డయాగ్నోజ్డ్ విత్ డయాబెటిస్ సిన్స్ టెన్ ఇయర్స్”. పదేళ్లుగా అంటే ఫర్ రావాలి కదా? ఫర్ పెట్టినా ఏదో తేడాగా ఉంది.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు):

తెలుగులో చెప్పి చూడండమ్మా: “పదేళ్లుగా డయాబెటిస్ బయటపడింది” అంటామా? బయటపడింది ఒక్క రోజునే. అందుకే సిన్స్ కాదు, ఫర్ కాదు: “వజ్ డయాగ్నోజ్డ్ విత్ డయాబెటిస్ టెన్ ఇయర్స్ ఎగో”. జబ్బు ఉండటం గురించి అయితే “హాజ్ హాడ్ డయాబెటిస్ ఫర్ టెన్ ఇయర్స్”. తిరగరాసిన ఉత్తరం మొత్తం ఇక్కడ పెట్టండి, రోగి వివరాలు తీసేసి. మిగిలిన మూడు ఎర్ర గీతలూ చూద్దాం.