"నరం మీద నరం ఎక్కింది" అంటే కేసు షీట్‌లో ఏం రాయాలి?

ప్రశ్న:
ఆర్థో పోస్టింగ్‌కి వచ్చే ఎంబీబీఎస్ పిల్లల కోసం రోగుల మాటల పట్టిక ఒకటి తయారవుతోంది. "నరం" దగ్గర ఆగిపోయింది. నరం పట్టేసింది, నరం లాగుతోంది, నరం ఉబ్బింది, నరం మీద నరం ఎక్కింది... అన్నిటికీ పిల్లలు నెర్వ్ అనే రాసేస్తున్నారు. దాని బదులు పాఠ్యపుస్తకంలోని "నాడి" అలవాటు చేస్తే ఈ గందరగోళం తగ్గుతుందా?

ఆర్థో పాఠాలు చెప్పేవారు:
నాడి వద్దండీ. పుస్తకంలో నాడి నెర్వ్ కావచ్చు, మంచం మీదున్న మనిషికి మాత్రం అది మణికట్టు దగ్గర కొట్టుకునేది. "నాడి లాగుతోందా?" అంటే చెయ్యి చాపుతాడు.

రోగి నోట నరం కనీసం నాలుగు రకాలు. ఉబ్బింది, మెలికలు తిరిగింది అంటే సిర. మడమ పైన తాడులా చేతికి తగిలేది టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువు. అర్ధరాత్రి పిక్క రాయిలా గట్టిపడితే "నరం ఎక్కింది" అంటారు, అది కండరం. పిర్రలో మొదలై తొడ వెనకగా మోకాలు దాటి పాదం దాకా జివ్వుమని పాకితే అప్పుడు నెర్వ్ గురించి ఆలోచించాలి.

కాబట్టి పిల్లలకు నేర్పాల్సింది అనువాదం కాదు, ఒక్క మాట: "ఒక వేలితో గీసి చూపించండి." ఆ గీత ఎక్కడ ఆగిందో రాసుకోవాలి. కేసు షీట్‌లో రోగి మాటను ఉన్నదున్నట్టు కోట్స్‌లో పెట్టి, పక్కనే వేలు చూపింది రాయాలి. ఇలా:

"ఎడమ కాలి నరం గుంజుతోంది", 3 వారాలుగా. వేలితో చూపింది: పిర్ర, తొడ వెనక, పిక్క బయటి వైపు, పాదం పైభాగం, బొటనవేలు. దగ్గితే ఎక్కువ.

ఇది చదివిన వాళ్లకు ఎల్5, అంటే నడుము దగ్గర వెన్నులోంచి వచ్చే ఐదో నెర్వ్ వేరు, అని అనుమానం రావాలి. బొటనవేలు పైకెత్తే బలం చూస్తారు. గీత పాదం బయటి అంచుకు, చిటికెన వేలి వైపుకు పోతే దాని కింది వేరు, ఎస్1. మడమ దగ్గరి రిఫ్లెక్స్ చూడాలి, మునివేళ్ల మీద నడిపించాలి. "సయాటికా" అని ఒక్క ముక్క రాస్తే ఇదంతా పోయినట్టే.

పదాల చరిత్ర తెలిసినవారు:
రోగిది తప్పేమీ కాదు. తమిళంలో నరంబు, కన్నడంలో నర, మనకు నరం. తమిళ నరంబుకు సిర, నెర్వ్, స్నాయువు, వీణ తీగ అన్నీ అర్థాలే. ఒంట్లో తీగలా సాగేదేదైనా నరమే. ఇంగ్లీషు న్యూరాన్‌కు మూలమైన గ్రీకు మాటకూ మొదటి అర్థం స్నాయువే. విడదీసుకున్నది వైద్యులు, జనం కాదు.

ఫిజియోథెరపీ నుంచి:
నెర్వ్ వేరు మీద ఒత్తిడి ఉందేమో చూసే కాలు ఎత్తే పరీక్ష దగ్గరా ఈ మాటే ముంచుతుంది. రోగి వెల్లకిలా పడుకోవాలి. మోకాలు వంగకుండా మడమ పట్టుకుని నెమ్మదిగా పైకెత్తాలి. "నరం లాగుతోంది" అనగానే పాజిటివ్ అని రాసేస్తారు. తొడ వెనక మాత్రమే బిగిస్తే అది అక్కడి కండరం, హామ్‌స్ట్రింగ్ బిగువు, చాలామందికి ఉంటుంది. సుమారు 30 నుంచి 70 డిగ్రీల మధ్య మోకాలి కిందికి నొప్పి దిగితేనే లెక్క. అక్కడ కాలు కొంచెం దించి, పాదాన్ని పైకి వంచితే మళ్లీ జివ్వుమనాలి. బాగున్న కాలు ఎత్తినా బాధ ఉన్న కాల్లో నొప్పి వచ్చిందంటే డిస్క్ అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
పై కేసు షీట్‌లో "గుంజుతోంది" అని ఉంది. తెలంగాణలో "కాళ్లు గుంజుతున్నయి" అంటే ఉత్త అలసట నొప్పి కూడా కదా?

ఆర్థో పాఠాలు చెప్పేవారు:
నిజమే. ఆంధ్ర వైపు "పీకుతున్నాయి" అనేదే అక్కడ గుంజుడు. రెండు కాళ్లూ, సాయంత్రానికి, పిసికితే హాయి అంటే నెర్వ్ వేర్ల మీద ఒత్తిడి కాకపోవచ్చు. నడిస్తేనే పిక్కలు గుంజి, నిలబడగానే తగ్గితే రక్తనాళాలు చూడాలి. నిలబడినా తగ్గక, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గితే వెన్ను కాలువ ఇరుకైందేమో చూడాలి. పట్టికలో "గుంజు" పక్కన ఈ ప్రశ్నలు పెట్టండి, అర్థం పెట్టకండి.

ఫిజియోథెరపీ నుంచి:
ఇంకో రెండు. తిమ్మిరి, మొద్దుబారడం ఒకే గడిలో వేయొద్దు. మొదటిది చీమలు పాకినట్టుండటం, రెండోది తాకినా తెలియకపోవడం. మొద్దుబారిందంటే "కూర్చునే చోట స్పర్శ తెలుస్తోందా? మూత్రం వస్తున్నట్టు తెలుస్తోందా?" అని తప్పకుండా అడగాలి. వీటిలో ఏ ఒక్కటి తెలియట్లేదన్నా ఆ రోజే ఎంఆర్ఐ, రేపటికి వాయిదా లేదు.

రెండోది, "నరాల బలహీనత ఉందా?" అని మగ రోగిని వార్డులో అందరి ముందూ అడగనివ్వకండి. గోడల మీద ప్రకటనలు ఆ మాటకు వేరే అర్థం అంటగట్టాయి, వెంటనే లేదంటాడు. "నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? వేళ్లు నేలకు తగులుతున్నాయా?" అంటే ఉన్నది చెప్తాడు.

ప్రశ్న అడిగినవారు:
అయితే శీర్షికలో ఉన్న మాట?

ఆర్థో పాఠాలు చెప్పేవారు:
నరం మీద నరం ఎక్కడం అనాటమీలో లేదు, కానీ రోగితో వాదించక్కర్లేదు. ఎక్కువసార్లు అది పిక్క పట్టేయడమే. మోకాలు చాపి, పాదాన్ని ముఖం వైపు వంచి కాసేపు పట్టుకుంటే వదులుతుంది. ఒక్క కాలే వాచి, వేడిగా ఉండి, నొప్పి రోజుల తరబడి వదలకపోతే మాత్రం పిసకనివ్వొద్దు, సిరలో రక్తం గడ్డ కట్టిందేమో ముందు డాప్లర్ స్కాన్‌లో చూడాలి.