కటాఫ్ 85 అని రాశారు, 94కి పిలుపు రాలేదు. ఆ 85 ఎవరి కోసం?

బీటెక్ బాధితుడు:
ఐఐఎంల ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ 2024లో ఓవరాల్ 94.3 పర్సంటైల్. జనరల్ కేటగిరీ. జేఎన్‌టీయూహెచ్ బీటెక్ 7.9, ఇంటర్ తెలంగాణ బోర్డు వెయ్యికి 962, టెన్త్ జీపీఏ 9.3. ఉద్యోగ అనుభవం లేదు. ఒక పాత ఐఐఎం అడ్మిషన్ పాలసీ పీడీఎఫ్‌లో జనరల్‌కి కనీస ఓవరాల్ పర్సంటైల్ 85 అని ఉంది. కాలేజీ పేరు రాయను, రాస్తే చర్చంతా దాని మీదికే పోతుంది. షార్ట్‌లిస్టులో నేను లేను. మరి 85 అని వేయడం దేనికి?

ఉప్పల్ రింగు:
దేనికేంది తమ్మీ, అప్లికేషన్లు పెరగాలె గదా. 99 అని ఉన్నదున్నట్టు రాస్తే సగం మంది ఫీజే కట్టరు. 85 అని రాసుడు, 99 దగ్గర గేటు మూసుడు. ఏటా ఇదే కథ.

ఫిల్టర్ కాఫీ:
మిర్చి బజ్జీలు తెచ్చుకుని కూర్చున్నా. కానివ్వండి.

స్కేల్డ్ స్కోర్:
ఉప్పల్ గారూ, ఫీజు కట్టేది క్యాట్‌కి. అది ఏ ఒక్క ఐఐఎం కటాఫ్ చూసీ కట్టేది కాదు, కాబట్టి ఆ వాదన నిలవదు.

బాధితుడు గారికి: ఆ 85 మీ పేరును లెక్కలోకి తీసుకోవడానికి మాత్రమే. ఎవరిని పిలవాలన్నది ఆ తర్వాత వేసే లెక్క. ముందు పర్సంటైల్ అంటే ఏమిటో చూడండి. రాసినవాళ్ల సంఖ్యలోంచి మీ ర్యాంకు తీసేసి, రాసినవాళ్ల సంఖ్యతో భాగించి, వందతో గుణిస్తే వచ్చేది. క్యాట్ 2024 రాసినవాళ్లు సుమారు 2.93 లక్షల మంది. 99 అంటే మీ ముందు దాదాపు 2,930 మంది. మీ 94.3 అంటే దాదాపు 16,700 మంది. ఐఐఎం అహ్మదాబాద్ పీజీపీలో, అంటే రెండేళ్ల ఎంబీఏలో, సీట్లు సుమారు 400. ఎస్సీ 15, ఎస్టీ 7.5, ఓబీసీ 27, ఈడబ్ల్యూఎస్ 10 శాతం తీసేస్తే ఓపెన్‌కి మిగిలేది 40.5 శాతం, అంటే 160 చిల్లర. ఇంటర్వ్యూకి సీటుకి నలుగురైదుగురిని పిలిచినా 94 దాకా రావడం అరుదు.

మళ్లీ ఈ 99కి మొత్తం మార్కుల్లో సగం కూడా అక్కర్లేదు. 2024 పేపర్‌లో 68 ప్రశ్నలు, 204 మార్కులు. తప్పుకి ఒక మార్కు పోతుంది, ఆప్షన్లు లేకుండా జవాబు టైప్ చేసే ప్రశ్నలకి పోదు. అందుకే నాలుగైదు ప్రశ్నల తేడాకే వేల ర్యాంకులు కదులుతాయి.

ఉప్పల్ రింగు:
లెక్కలు మస్తు చెప్పిన్రు సార్. నేనడిగింది ఒక్కటే: 85 ఎందుకు రాసిన్రు?

స్కేల్డ్ స్కోర్:
షార్ట్‌లిస్ట్ ఒక్క క్యాట్ మీద వేయరు కాబట్టి. అహ్మదాబాద్ కొన్నేళ్లుగా వాడిన సూత్రం: క్యాట్ స్కోరుకి 0.65, అప్లికేషన్ రేటింగ్‌కి 0.35. రేటింగ్ అంటే ప్రధానంగా టెన్త్, ఇంటర్, డిగ్రీ, అనుభవం. రెండూ కలిపాక వచ్చిన వరుసలో పైనుంచి పిలుస్తారు. ఆ వరుసలో చివరి వ్యక్తి పర్సంటైల్ ఎంతో పాలసీ రాసేటప్పటికి ఎవరికీ తెలియదు. పాలసీ ముందు వస్తుంది, పరీక్ష నవంబర్ చివర్లో జరుగుతుంది. ముందే రాయగలిగింది కనీసం మాత్రమే.

ఉప్పల్ రింగు:
పోయిన సంవత్సరం చివరి వ్యక్తిది ఎంతో వేయచ్చు గదా? మన రాష్ట్రం ఎంబీఏ ఎంట్రెన్స్ ఐసెట్ చూడున్రి. 200 మార్కుల పేపర్, 150 నిమిషాలు, నెగెటివ్ లేదు. ఓసీకి 25 శాతం, అంటే 50 మార్కులొస్తే ర్యాంకు. కౌన్సెలింగ్ అయినంక ఏ కాలేజీల ఏ కేటగిరీకి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో తెలుస్తది. ఎవ్వడూ టెన్త్ మెమో చూసి ర్యాంకు కిందికి గుంజడు.

బీకాం బ్యాచ్:
ఐసెట్‌లోనూ అంతే కదండీ. 50 మార్కులు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఓయూ కామర్స్ కాలేజీలో సీటు ఇస్తున్నారా? క్వాలిఫై అవడం వేరు, సీటు వేరు. దీన్ని మోసం అంటే దాన్నీ అనాలి.

ఉప్పల్ రింగు:
నేను ఐసెట్‌ని ఎత్తింది చివరి ర్యాంకు కోసం. 50 మార్కులు పట్టుకొని ఊగకున్రి.

మీసేవ మిత్ర:
చర్చకి అడ్డం వస్తున్నా, కానీ ఏటా ఇక్కడే దెబ్బ తింటున్నారు. రాష్ట్రంలో బీసీ-బీ, బీసీ-డీ అయినంత మాత్రాన క్యాట్‌లో ఓబీసీ అయిపోరు. కేంద్ర జాబితాలో కులం ఉండాలి, నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్ర ఫార్మాట్‌లో ఉండాలి. మీసేవలో 'బీసీ సర్టిఫికెట్' అని అడిగితే మామూలు కులం-నేటివిటీది ఇచ్చి పంపిస్తారు. ఓబీసీ, కేంద్ర ప్రభుత్వ అవసరానికి అని చెప్పి మరీ దరఖాస్తు పెట్టండి. ఫారంలో కేటగిరీ పెట్టేశాక మార్చనివ్వరు. 8 లక్షల వార్షికాదాయ పరిమితి లెక్కలో ఓబీసీకి జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు, ఈడబ్ల్యూఎస్‌కి రెండూ కలుపుతారు. తారుమారు చేసుకోకండి.

బీటెక్ బాధితుడు:
థాంక్స్ అన్నా, నాది జనరలే. నా డౌట్ టెన్త్ గురించి. 9.3ని 9.5తో గుణించి 88.35 వేశాను. తప్పా?

స్కేల్డ్ స్కోర్:
ఇది అసలు చూడాల్సిన విషయం. 9.5 గుణకం సీబీఎస్‌ఈ వాళ్లది, మన ఎస్‌ఎస్‌సీది కాదు. అహ్మదాబాద్ రేటింగ్‌లో టెన్త్‌కి మెట్లున్నాయి: 70 పైన 80 వరకు 5 పాయింట్లు, 80 పైన 90 వరకు 8, 90 దాటితే 10. మీ 9.3ని పదితో గుణిస్తే 93, అంటే 10 పాయింట్లు. 9.5తో గుణిస్తే 88.35, అంటే 8. అదే 9.0 వచ్చిన వ్యక్తికి 90 అయినా 85.5 అయినా 8 పాయింట్లే. 8.3 అయితే 83కి 8, 78.85కి 5. మెట్టు అంచున ఉన్నవాళ్లకే నష్టం.

అలాగని అన్నిటినీ పదితో గుణించేయకండి. డిగ్రీ విషయంలో క్యాట్ నిబంధన ఏమిటంటే, యూనివర్సిటీకి సొంత సూత్రం ఉంటే అదే వేయాలి. లేదని వాళ్లు ధ్రువీకరిస్తేనే గరిష్ఠ సీజీపీఏతో భాగించి వందతో గుణించాలి. జేఎన్‌టీయూహెచ్ ఆర్18 (2018 రెగ్యులేషన్)కి సూత్రం ఉంది: సీజీపీఏలోంచి 0.5 తీసి పదితో గుణించాలి. మీ 7.9 అంటే 74, 79 కాదు. 79 అని వేసినవాళ్లు ఇంటర్వ్యూ రోజు సర్టిఫికెట్ల పరిశీలనలో దొరుకుతారు.

ఉప్పల్ రింగు:
చూసిన్రా? 90 వచ్చినోనికి 8, 90.1 వచ్చినోనికి 10. పదిహేనేండ్ల పోరడు సోషల్ పేపర్ల ఒక మార్కు పోగొట్టుకుంటే ఏడెనిమిదేండ్ల తర్వాత ఐఐఎం కాల్ పోతది. దీనికి శాస్త్రీయత అని పేరు.

స్కేల్డ్ స్కోర్:
మెట్లు నాకూ నచ్చవు. బెంగళూరు మెట్లు వాడదు. మీ బోర్డు నుంచి క్యాట్‌కి దరఖాస్తు పెట్టినవాళ్లలో 90వ పర్సంటైల్ దగ్గర ఎన్ని మార్కులున్నాయో తీసి, మీ మార్కుల్ని దానితో భాగిస్తుంది. లెక్క తెలియడానికి ఊహాంకెలు చెప్తున్నా: మన ఇంటర్ బోర్డులో ఆ గీత 97.5 దగ్గర ఉందనుకుంటే, 96.2 వచ్చిన వ్యక్తికి 0.987. ఇంకో బోర్డులో గీత 93 దగ్గర ఉంటే, 92 వచ్చిన వ్యక్తికి 0.989. నాలుగు మార్కులు తక్కువ వచ్చిన వ్యక్తే ముందుంటాడు. అదే ఇంటర్ మెమోకి అహ్మదాబాద్‌లో 90 దాటింది కాబట్టి పూర్తి 10. ఒకే కాగితానికి రెండు చోట్ల రెండు విలువలు.

ఉప్పల్ రింగు:
అంటే మా పోరగాళ్లు కార్పొరేట్ కాలేజీల రెండేండ్లు గానుగెద్దు లెక్క తిరిగి 962 తెస్తే, 'మీ బోర్డుల అందరికీ వస్తయి' అని చెప్పి గుండు సున్నా చుడుతరా? ఇంకో దిక్కు టెన్త్‌ల తక్కువొస్తే జన్మంత వెంటబడతది. ఎక్కువొచ్చినా తప్పే, తక్కువొచ్చినా తప్పే. ఇవన్నీ ఏసీ రూముల కూసొని రాసే సూత్రాలు. మీలాంటోళ్లు వాటికి వకాల్తా పుచ్చుకునుడు!

స్కేల్డ్ స్కోర్:
'మీలాంటోళ్లు' అక్కర్లేదు. సూత్రం ఎలా పనిచేస్తుందో చెప్తే వకాల్తా అయిపోతుందా? మొదటి పోస్టు నుంచీ మీరు 85 అంటూనే ఉన్నారు. మీ కోపం 85 మీద కాదు. టెన్త్, ఇంటర్ మార్కులు అసలు లెక్కలోకి రాకూడదన్నది మీ మాట. అదేదో సూటిగా అనండి.

ఉప్పల్ రింగు:
అవును, గదే నా మాట! ఒక్క పరీక్ష, ఒక్క ర్యాంకు, చివరి ర్యాంకు బోర్డు మీద. ఎంసెట్‌ల ఇంటర్‌కి 25 శాతం వెయిటేజీ ఉండె. తెలంగాణల 2023 నుంచి తీసేసిన్రు. కొంపలేం మునగలే. ఐఐఎంలకు ఏం రోగం?

చర్చ నిర్వాహకులు:
రోగాలు, వకాల్తాలు ఇద్దరూ తగ్గించండి.

బీకాం బ్యాచ్:
ఒక్క ర్యాంకు అన్నప్పుడు క్యాట్ పేపర్ ఎలా ఉంటుందో కూడా చూడండి ఉప్పల్ గారూ. మూడు సెక్షన్లు, ఒక్కోటి 40 నిమిషాలు. వెర్బల్ ఒకటి, మిగతా రెండూ లెక్కలూ లాజిక్కూ. ఇంటర్‌లో ఎంపీసీ, తర్వాత బీటెక్ చేసినవాళ్లకి నాలుగేళ్ల ముందే సగం ప్రాక్టీస్ అయిపోయి ఉంటుంది. కేవలం ఆ వరుసలో పిలిస్తే క్లాసంతా ఒకే రకం ఇంజనీర్లతో నిండుతుంది. అందుకే చాలా ఐఐఎంలు ఆడపిల్లలకి, ఇంజనీరింగ్ చదవనివాళ్లకి కొన్ని పాయింట్లు కలుపుతాయి. ఎంసెట్ ఇంజనీరింగ్ పేపర్ ఇంజనీర్లని ఏరడానికి పెట్టింది, అక్కడ అందరూ లెక్కలవాళ్లే. రెండిటినీ ఒక గాటన కట్టడం కుదరదు.

ఉప్పల్ రింగు:
అట్లయితే పేపర్ మార్చమనున్రి మేడమ్. పాయింట్లు కలిపి సర్దుబాటు ఎందుకు? పేపర్ల అన్యాయం ఉంటే పేపర్ల దిద్దాలె.

స్కేల్డ్ స్కోర్:
రెండు గంటల పేపర్‌ని ఎంత దిద్దినా, ఇంటర్వ్యూలో కూర్చునే మనిషి గురించి అది చెప్పేది కొంతే. అహ్మదాబాద్ తుది ఎంపికలో ఇంటర్వ్యూకే 50 శాతం, క్యాట్‌కి 25. ఒక్క ర్యాంకు కావాలంటే ఇంటర్వ్యూ కూడా తీసేయాలి. అది మీకు సమ్మతమేనా?

ఉప్పల్ రింగు:
సమ్మతమే. ఇంటర్వ్యూల ఇంగ్లిష్ గడగడ మాట్లాడేటోనికే మార్కులు.

స్కేల్డ్ స్కోర్:
ఇంకేం చెప్పను. అది మరో వాదన.

ఫిల్టర్ కాఫీ:
ఒక చిన్న ప్రశ్న. బాధితుడు గారు సెక్షన్ల పర్సంటైల్స్ ఇప్పటిదాకా చెప్పలేదు. అవెంత?

బీటెక్ బాధితుడు:
వెర్బల్ 71, డీఐఎల్ఆర్ (డేటా, లాజిక్ సెక్షన్) 95, క్వాంట్ (లెక్కలు) 98.2. ఓవరాల్ చూస్తారు కదా అని రాయలేదు.

ఫిల్టర్ కాఫీ:
మీరు చెప్పిన పీడీఎఫ్‌లో 85 ఉన్న పట్టికలోనే వెర్బల్‌కి కనీసం ఎంతుందో చూసి చెప్తారా?

బీటెక్ బాధితుడు:
80.

స్కేల్డ్ స్కోర్:
అయితే మీ టెన్త్ దాకా వాళ్లు రానే లేదు. ఓవరాల్‌కీ ప్రతి సెక్షన్‌కీ విడివిడిగా కనీసం ఉంటుంది, నాలుగూ దాటినవాళ్ల ఫైలే రేటింగ్‌కి వెళ్తుంది. మూడు దాటి ఒకటి తప్పితే ఓవరాల్ 99.5 ఉన్నా అంతే. ఇంకో సంగతి, ఓవరాల్ అనేది మూడు సెక్షన్ల సగటు కాదు. మూడిట్లో తలా 90 వస్తే ఓవరాల్ 90 దాటుతుంది, ఎందుకంటే మూడిట్లోనూ ఒకే మనుషులు ముందుండరు. క్వాంట్‌ని 98 నుంచి 99కి లాగడానికి పెట్టే నెలల్లో కొంత వెర్బల్‌కి పెట్టి 71ని 85కి తెస్తే, ఓవరాల్ పెరుగుతుంది, ఈ గేటూ తెరుచుకుంటుంది. వెర్బల్‌లో ఎక్కువ ప్రశ్నలు రీడింగ్ కాంప్రహెన్షన్‌వే. రోజుకి రెండు ప్యాసేజీలు గడియారం పెట్టుకుని చదివి, తప్పిన ప్రతి ఆప్షన్ ఎందుకు తప్పో ఒక్క వాక్యం రాసుకోండి. హైదరాబాద్ కోచింగ్ క్లాసుల్లో మనవాళ్లు క్వాంట్‌కే ఎగబడతారు, అది వచ్చేది కాబట్టి.

ఉప్పల్ రింగు:
సెక్షన్ కటాఫ్ కూడా దొంగ గేటే. ఓవరాల్ల 16 వేల మంది ముందున్నరని మీరే చెప్పిన్రు, ఇంక సెక్షన్ ఎందుకు?

బీకాం బ్యాచ్:
ఇప్పుడేం చేయాలో కూడా చెప్దాం. 94.3తో ఈ ఏడాదే దారులున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎంబీఏ క్యాట్ స్కోరు మీదే తీసుకుంటుంది, కానీ యూనివర్సిటీకి విడిగా దరఖాస్తు పెట్టాలి. క్యాట్ ఫారంలో టిక్ పెట్టడం సరిపోదు. మేనేజ్‌మెంట్ కాలేజీలు శంషాబాద్ ఐఎంటీ, ఓయూ క్యాంపస్‌లో ఉన్న ఐపీఈ కూడా అంతే, విడి ఫారం, విడి ఫీజు. గడువులు ముందు చూసుకోండి. క్యాట్ స్కోరు ఒక్క ఏడాదికే చెల్లుతుంది. ఐసెట్ కూడా రాసేయండి. అనలిటికల్ 75, మ్యాథ్స్ 75, కమ్యూనికేషన్ 50 ప్రశ్నలు, మీ క్వాంట్‌కి అది కష్టం కాదు. నెగెటివ్ లేదు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలకండి.

బీటెక్ బాధితుడు:
సరే అక్కా. సెంట్రల్ యూనివర్సిటీ గడువు ఇప్పుడే చూస్తా.

చర్చ నిర్వాహకులు:
టెన్త్, ఇంటర్ వెయిటేజీ ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. కావాలంటే కొత్తది మొదలుపెట్టండి.

ఉప్పల్ రింగు:
పెడుత. పోయిన అయిదేండ్ల షార్ట్‌లిస్టుల చివరోని మార్కులు కాలేజీవారీగా వేయాలని మొదటి లైన్ల రాస్త. స్కేల్డ్ సార్, ఆ ఒక్కదానికన్న ఒప్పుకుంటరా?

స్కేల్డ్ స్కోర్:
దానికి ఒప్పుకుంటా. మిగతా దేనికీ కాదు.