మొరం బాటల మీద గుంపు రైడ్లు ఆపేద్దామా?

గండిపేట గ్రావెల్:
పోయిన ఆదివారం హైదరాబాద్ శివారు నార్సింగిలో ఐదున్నరకు సైకిళ్ల మీద బయలుదేరాం, పద్నాలుగు మందిమి. చిలుకూరు దాటాక తారు వదిలి మొరం బాట పట్టుకుని శంకర్‌పల్లి వైపు వెళ్లాం. తిరిగొచ్చేటప్పుడు ఎనిమిదిన్నర అయింది. ఒక ఊరి దగ్గర మొరం బాట దిగుడులో వచ్చి సిమెంటు రోడ్డులో కలుస్తుంది. అక్కడ రోడ్డు నిండా వడ్లు ఎండబోసి ఉన్నాయి. ముందున్న ఇద్దరు ఆగారు. వెనకవాళ్లం ఆగలేకపోయాం, నలుగురం వడ్ల మీద నుంచే పోయాం. ఒక పెద్దమ్మ కాళ్లతో చాళ్లు తీస్తూ వడ్లు తిరగేస్తోంది. తిట్టలేదు. "మెల్లగ పోండి బిడ్డా" అంది, మేము చెదరగొట్టిన చోటుకి వచ్చి మళ్లీ మొదలుపెట్టింది.

ఇంటికొచ్చి సైకిల్ కడుగుతుంటే టైరు గుబ్బల మధ్య ఐదారు గింజలు ఇరుక్కుని కనిపించాయి. గోటితో తీశాను. అప్పటి నుంచి మనసు మనసులో లేదు.

కోతలు అయ్యేదాకా ఊళ్ల బాటల మీద గుంపు రైడ్లు ఆపేద్దామని నా మాట. మీరేమంటారు?

రెండు చక్రాలు:
ఒప్పుకోను. ఆపేసి ఎక్కడికి పోదాం? ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వచ్చింది. మంచిదే, వారం మధ్యలో నేనూ అక్కడే తొక్కుతాను. కానీ అక్కడ కోడి కూత వినపడదు, పత్తి చేను కనపడదు. పోనీ చేవెళ్ల రోడ్డు ఎక్కుదామంటే టిప్పర్లు. మర్రిచెట్ల నీడ ఎంత బాగున్నా, కంకర టిప్పర్ పక్కనుంచి దూసుకుపోతే చేతిలో హ్యాండిల్ వణుకుతుంది. మా ఆవిడ నలభై ఏళ్ల వయసులో సైకిల్ నేర్చుకున్నది ఆ మొరం బాటల మీదే. గంటకు ఒక ట్రాక్టర్ వస్తే ఎక్కువ అక్కడ.

తప్పు మీ స్పీడుది అన్నా, గుంపుది కాదు. నలుగురే వెళ్లినా ఆ స్పీడుకి అదే జరిగేది.

ట్యూబ్‌లెస్:
స్పీడు మాట వచ్చింది కాబట్టి చెప్తాను. తారు రోడ్డు సైకిల్‌కి 28 ఎంఎం సన్న టైరు ఉంటే మొరం కనపడగానే భయంతోనే నెమ్మదిస్తాం. అదే 40 ఎంఎం ట్యూబ్‌లెస్ టైరు వేసి గాలి 35 పీఎస్‌ఐకి దించితే రాళ్లు ఉన్నట్టే తెలియదు. పల్లేరు ముల్లు దిగినా లోపల పోసిన జిగురు ద్రవం, సీలెంట్, దానంతటదే మూసేస్తుంది. ఆ ధీమాతో దిగుడులో వదిలేస్తాం. ఎక్కడానికీ పోవడానికీ ఈ బండి సాయం చేస్తుంది గానీ ఆగాలంటే మొరం మొరమే. పైన గులకలు వదులుగా ఉంటాయి, ముందు బ్రేకు గట్టిగా పట్టామా, చక్రం జారుతుంది. తారు మీద ఆగినంత దూరంలో ఆగదు.

పైగా గుంపులో వెనకున్నవాడికి ముందువాడి దుమ్ము తప్ప ఏమీ కనిపించదు. అందుకే గుంపుది తప్పు కాదంటే నేను ఒప్పుకోలేను, రెండు చక్రాలు గారూ. హైవే మీద చక్రానికి చక్రం ఆనించినట్టు తొక్కే అలవాటుని మొరం మీదికి మోసుకొచ్చాం. నలుగురు నలుగురుగా, మధ్యలో రెండు మూడు నిమిషాలు ఎడం పెట్టుకుని వెళ్తే ఆ వడ్లు చెదిరేవి కావు.

నల్లరేగడి సంగతి కూడా. వాన పడ్డాక రెండు మూడు రోజులు ఆ బాటల జోలికి వెళ్లకండి. మట్టి టైరుకి చుట్టుకుని ఫ్రేములో ఇరికి చక్రమే తిరగదు, అది మన బాధ. మన టైర్లు వేసిన గాడులు ఎండి గట్టిపడితే పొద్దున్నే పాల క్యాన్లతో వచ్చే మోపెడ్ వాళ్ల బాధ.

కాన్సాస్ కలలు:
అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం ఎంపోరియాలో 2006 నుంచి గ్రావెల్ రేసు, అంటే మొరం బాటల మీద సైకిల్ పోటీ నడుస్తోంది, ఇప్పుడు దాని పేరు అన్‌బౌండ్. అందులో ప్రధాన పోటీ 200 మైళ్లు, అంటే దాదాపు 320 కిలోమీటర్లు. ఊరు ఊరంతా ఎదురొచ్చి స్వాగతం చెప్తుంది. మన దగ్గర పద్నాలుగు మందికే ఇంత చర్చ ఎందుకు? పదిమంది వస్తేనే కదా ఊళ్లో హోటల్ నడిచేది.

శంకర్‌పల్లి రైతుబిడ్డ:
నేను మాదాపూర్‌లో పని చేస్తాను, మా అమ్మానాన్న ఇప్పటికీ వ్యవసాయమే. ఇక్కడ రాసేవాళ్లలో ఆ ఊళ్ల మనిషిని నేనొక్కడినే అనుకుంటా.

కాన్సాస్ అన్నా, అక్కడ రేసు నడిచేవి కౌంటీ వాళ్లు, అంటే మన జిల్లా లాంటి వాళ్లు, చూసుకునే పబ్లిక్ రోడ్లు. ఇక్కడ మీకు ఒకేలా కనిపించే వాటిలో తేడా ఉంది. నక్షాలో ఉన్న బండ్ల బాట అందరిదీ. మీరు రండి, ఎవరూ కాదనరు. పొలం గట్టు మాత్రం ఒకరిది. మా గట్టు మీద ఎవరో ఒకసారి తొక్కి యాప్‌లో పెట్టారు, అంతే, మరుసటి వారం నుంచి అది రూట్ అయిపోయింది. ఒడ్డు తెగితే మడిలో నీళ్లు నిలవవు. మా నాన్న రెండుసార్లు చెక్కి మట్టి పెట్టాడు. ఇంకో మాట, నాట్లు వేస్తున్న ఆడవాళ్లని అడగకుండా ఫొటోలు తీయొద్దు. మా అమ్మకి అది అస్సలు నచ్చదు.

అయినా రైడ్లు ఆపమని నేను అనను. 1996 నాటి 111 జీవో వల్ల జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టుపక్కల 84 ఊళ్లలో కట్టడాల మీద ఆంక్షలున్నాయి, అందుకే ఇన్నాళ్లూ ఈ బాటలు మిగిలాయి. 2022లో 69 జీవోతో ఆంక్షలు సడలించారు. మా వైపు బండ్ల బాటకి అడ్డంగా వెంచర్ల ప్రహరీలు లేస్తున్నాయి. మా ఊరి బాట ఒకటి పోయిన ఏడాది గేటు వెనక్కి పోయింది. వారం వారం జనం తిరిగే బాటని మూయడం అంత తేలిక కాదు. మీ జీపీఎస్ ట్రాక్‌లో తేదీ, టైము ఉంటాయి, రేపు ఎవరైనా ఇక్కడ బాటే లేదంటే చూపించడానికి పనికొస్తాయి. బండ్ల బాటల మ్యాప్ బయట పెట్టండి, గట్లవి తీసేయండి.

రెండు చక్రాలు:
తమ్ముడూ, గట్టు సంగతి నాకు నిజంగా తెలియదు. నా పాత రూట్లు ఈ రాత్రే చూసి తీసేస్తాను. కానీ మ్యాప్ బయట పెడితే ఫామ్ ప్లాట్లు అమ్మేవాళ్లకీ దారి చూపినట్టే కదా?

శంకర్‌పల్లి రైతుబిడ్డ:
వాళ్లకి మన మ్యాప్ అక్కర్లేదు అన్నా, సర్వే నంబర్లతో సహా వాళ్ల దగ్గర ఎప్పుడో ఉంది. లేనిది మా దగ్గరే.

గండిపేట గ్రావెల్:
ఆపేద్దాం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. గుంపు మాట మాత్రం తీసుకోను. ఈ ఆదివారం నలుగురి చొప్పున మూడు జట్లుగా వెళ్తాం. ఊరి మొదటి ఇల్లు కనపడగానే దిగి నడిపించుకుపోతాం, ఊరు దాటాకే ఎక్కుతాం. ఆ పెద్దమ్మ కనిపిస్తే ఆగి మాట్లాడాలని ఉంది. రైతుబిడ్డ గారూ, అటు కోతలు ఎంతవరకు వచ్చాయి?

శంకర్‌పల్లి రైతుబిడ్డ:
సగం అయ్యాయి. హార్వెస్టర్ తిరుగుతోంది, బాట మీద ట్రాలీలు ఎదురొస్తాయి. ఈ వారం సిమెంటు రోడ్డు వైపు రాకండి, చెరువు కట్ట మీదుగా రండి. కట్ట దిగగానే ఎడమకి బండ్ల బాట. కుడికి ఉన్నది మా గట్టు.