పాత ఇంట్లో ఇనుప పైపులు మార్చాలా, ప్రెషర్ పంపు పెడితే సరిపోతుందా?

కొర్లగుంట వాసి:
తిరుపతి కొర్లగుంటలో మా నాన్నగారు 1980లలో కట్టించిన రెండంతస్తుల ఇల్లు మాది. గోడల్లో అప్పుడు వేసిన జి.ఐ. (జింకు పూత వేసిన ఇనుప) పైపులే ఇప్పటికీ ఉన్నాయి. పై అంతస్తు స్నానాలగదిలో ఒక కుళాయి పారుతుండగా రెండోది తిప్పితే రెండూ సన్నబడుతున్నాయి. పొద్దున్నే వచ్చే మొదటి చెంబెడు నీళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. పైపులన్నీ మార్చాలని నా అభిప్రాయం. గోడలు పగలగొట్టకుండా మిద్దె మీద ప్రెషర్ పంపు పెట్టిస్తే ఒక్క పూటలో పని అయిపోతుందని మా అన్నయ్య అంటున్నారు. మా అబ్బాయికి పైనుంచి వానలా పడే పెద్ద షవర్ కావాలట. అనుభవమున్నవారు కారణాలతో సహా చెప్పగలరు.

కట్టమంచి విశ్రాంత ఇంజనీరు:
మీ అభిప్రాయమే సరైనది. జి.ఐ. పైపు లోపలి జింకు పూత కరిగిపోయిన తర్వాత ఇనుము తుప్పు పట్టి, ఆ తుప్పు గడ్డలుగా పేరుకుని దారిని మూసేస్తుంది. లోపలి వ్యాసం సగానికి తగ్గితే అదే ఒత్తిడి మీద వచ్చే నీరు సగానికి కాదు, దాదాపు ఆరో వంతుకు పడిపోతుంది. కుళాయిలన్నీ మూసి ఉన్నప్పుడు ఒత్తిడి సరిగానే ఉండి, తెరవగానే పడిపోతున్నదంటే లోపం ట్యాంకు ఎత్తులో లేదు, పైపులో ఉంది. ఎర్రనీళ్ళు కూడా ఆ మాటే చెబుతున్నాయి. అలాంటి పైపులోకి పంపుతో నీళ్ళు తోస్తే తుప్పు పెళ్ళలు ఊడివచ్చి కొత్త మిక్సర్ కుళాయిల్లో ఇరుక్కుంటాయి. గోడలోపల పలచబడిన చోట పైపు చిల్లిపడితే, పక్కగది సున్నం ఉబ్బేదాకా మీకు తెలియదు.

భవానీనగర్ గృహయజమాని:
ఇంజనీరు గారి మాటలను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. మా ఇంట్లో రెండు భాగాలు అద్దెకిచ్చాము. గోడలు పగలగొడితే అద్దెకున్నవారు ఎక్కడికి పోవాలి? పాత టైల్స్ ఇప్పుడు బజారులో దొరకవు కనుక నాలుగు పలకలు పగిలితే గదంతా కొత్తగా పరిపించాలి. మేము పంపు పెట్టి మూడేళ్ళయింది, ఇంతవరకు ఏ ఇబ్బందీ రాలేదు. పైగా పైపులు మార్చినంత మాత్రాన ఆ అబ్బాయి కోరిన షవర్ పని చేస్తుందా? పది మీటర్ల ఎత్తు నుంచి దిగితేనే నీటికి ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మిద్దె మీది ట్యాంకుకూ పై అంతస్తు షవర్‌కూ మధ్య రెండు మీటర్లే ఉంటే 0.2 బార్ దాటదు, పెద్ద షవర్‌కు అది చాలదు. ఎంత కొత్త పైపు వేసినా పంపు తప్పదు గదా!

చంద్రగిరి ప్లంబరు:
షవర్ విషయంలో భవానీనగర్ వారి లెక్క నిజమే. అయితే ఆ పంపును ఇల్లంతటికీ కాకుండా, పైపులు మార్చాక ఆ షవర్ లైను మీద మాత్రమే పెట్టుకోవాలి. ఇక గోడల సంగతి. పాత లైనును గోడలోనే వదిలేసి, దానిలోకి నీళ్ళు రాకుండా ఆపేసి, ఇంటి వెనుక గోడ మీదుగా కొత్త సి.పి.వి.సి. (వేడినీళ్ళకూ పనికొచ్చే ప్లాస్టిక్ పైపు) లైను దింపవచ్చు. అప్పుడు స్నానాలగదిలోకి పైపు వచ్చే చోట మాత్రమే గోడకు రంధ్రం చేస్తాము కనుక టైల్స్ చాలావరకు మిగులుతాయి, అద్దెకున్నవారికీ ఒకటి రెండు రోజుల ఇబ్బందే. సి.పి.వి.సి. 93 డిగ్రీల వేడిదాకా పనికొచ్చేలా తయారవుతుంది, కాబట్టి గీజరుకూ సోలార్ హీటరుకూ అదే వేయాలి. ధర తక్కువని వేడినీళ్ళకు యు.పి.వి.సి. (చన్నీళ్ళకు వాడే ప్లాస్టిక్ పైపు) వేయించుకునేవారిని చూస్తే బాధ కలుగుతుంది, కొన్నాళ్ళకే అది మెత్తబడి వంగిపోతుంది. బయట వేసిన సి.పి.వి.సి.ని మన ఎండకు వదిలేయకుండా నీటితో కలిపే అక్రిలిక్ రంగు పూయించాలి, లేకపోతే పెళుసెక్కుతుంది. వేడికి అది సాగుతుంది కూడా. మూడు మీటర్ల పైపు 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది కనుక క్లాంపులను మరీ బిగించకూడదు.

కొర్లగుంట వాసి:
బయటి లైను మాటకు మా అన్నయ్య కూడా ఒప్పుకున్నారు. మరొక్క సందేహం. మునిసిపాలిటీ నీళ్ళు చాలని రోజుల్లో మేము బోరు నీళ్ళే వాడతాము. బకెట్లకు తెల్లటి పొర పడుతుంది. కొత్త పైపులు కూడా అలాగే పూడిపోవా?

కట్టమంచి విశ్రాంత ఇంజనీరు:
ప్లాస్టిక్ పైపు తుప్పు పట్టదు, లోపలి గోడ నునుపుగా ఉంటుంది కనుక చన్నీళ్ళ లైను అంత త్వరగా పూడదు. సున్నం ఎక్కువగా పేరుకునేది నీళ్ళు వేడెక్కే చోట, అంటే గీజరు కాయిల్ మీద, సోలార్ గొట్టాలలో. తాగేనీటికి భారత ప్రమాణం ప్రకారం కఠినత్వం (నీటిలో కరిగి ఉన్న సున్నంలాంటి లవణాలు) లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. ముందు మీ బోరు నీటిని పరీక్ష చేయించండి. ఎక్కువ వస్తే వేడినీళ్ళ లైనుకు మాత్రమే కఠినత్వాన్ని తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టించండి. అది ఉప్పుతో పనిచేసే యంత్రం, దాని నీటిలో సోడియం పెరుగుతుంది కనుక వంటకూ మొక్కలకూ కలపవద్దు.

చంద్రగిరి ప్లంబరు:
ఒక్కటి మరువకండి. లైను పూర్తయ్యాక అతుకులు ఆరనిచ్చి, కుళాయిల చోట్లన్నీ మూసి, చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించి, మీటరు ముల్లు దిగకుండా నిలిచిందని మీ కళ్ళతో చూసుకోండి. ఆ పరీక్ష కాకముందు రంధ్రాలు పూడ్చడానికి మేస్త్రీని సిమెంటు కలపనివ్వకండి.